కూలి మాట కులియో అయిన దారి

ఎస్పెరాంటో భాషలో కులియో అనే మాట ఒకటి ఉంది. బరువులు మోసి, మట్టి తవ్వి, ఏ రోజు కష్టం మీద ఆ రోజు బతికే ఆసియా శ్రామికుడికి అది పేరు. పలికేటప్పుడు ఊనిక ‘లి’ మీద పడుతుంది. చివరి ‘ఓ’ ఆ భాషలో ప్రతి నామవాచకానికీ తప్పనిసరిగా వచ్చే ప్రత్యయం. దాన్ని తీసేస్తే మిగిలేది కులి. ఐరోపాలో తయారైన ఈ భాషలో వృత్తుల పేర్లన్నీ దాదాపు లాటిన్, జర్మన్, ఫ్రెంచి ధాతువుల మీద కట్టినవే. వాటి మధ్య దక్షిణ భారతంలోని పొలం గట్టు మీద పుట్టిందని చెప్పదగిన మాట ఇదే.

ఈ భాషను కట్టిన లుడ్విక్ జామెన్‌హోఫ్ 1859లో బియాలిస్టోక్‌లో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది, అప్పట్లో రష్యా సామ్రాజ్యం కింద ఉండేది. బట్టల మిల్లులకు పేరుపడ్డ ఊరు. రష్యన్, పోలిష్, జర్మన్, యిడ్డిష్ మాట్లాడేవాళ్లు పక్కపక్కనే ఉంటూ ఒకరి మాట ఒకరికి తెలియక తగాదాలు పడడం చూస్తూ పెరిగాడు. కళ్ల డాక్టరు అయ్యాక 1887 జులైలో వార్సాలో చిన్న పుస్తకంగా తన భాషను అచ్చు వేయించాడు. రచయిత పేరు ఉండాల్సిన చోట డాక్టర్ ఎస్పెరాంటో అని పెట్టుకున్నాడు. ఆశ పెట్టుకున్నవాడు అని దానికి అర్థం. ఆ మారుపేరే భాషకు పేరుగా నిలిచిపోయింది.

పనులు చేసేవాళ్లకు పేర్లు పెట్టడం ఎలాగన్నది భాషను కట్టే తొలి రోజుల్లోనే జామెన్‌హోఫ్‌కు ఎదురైన చిక్కు. ఉన్నత పాఠశాలలో చదివే రోజుల్లో వీధిలో రెండు రష్యన్ బోర్డులు తన కళ్లు తెరిపించాయని తరవాత నికొలాయ్ బొరోవ్‌కోకు రాసిన ఉత్తరంలో చెప్పుకున్నాడు. ఒకటి ద్వారపాలకుడి గది, రెండోది మిఠాయి దుకాణం. రెండు పేర్ల చివరా ‘స్కాయా’ అనే ముక్క ఉంది. అంతకు ముందు అవే బోర్డులు ఎన్నిసార్లు చూసినా తట్టని సంగతి ఆ రోజు తట్టింది: ప్రతి పనికీ, ప్రతి చోటుకూ కొత్త మాట నేర్పనక్కర్లేదు, ఒక్క ప్రత్యయం నేర్పితే చాలు, దాంతో జనమే వందల మాటలు చేసుకుంటారు. ఆ బోర్డు మీద ద్వారపాలకుడికి వాడిన ‘ష్వేత్సార్’ అనే రష్యన్ మాటకు అసలు అర్థం స్విట్జర్లండ్ దేశస్థుడు. ఒకప్పుడు ఐరోపా రాజుల కోటలకు స్విస్ సైనికులు కాపలా కాసేవారు. దేశం పేరు క్రమంగా కాపలావాడి పేరు అయింది. వృత్తుల పేర్లలో ఇలాంటి మలుపులు అన్ని దేశాల్లోనూ కనిపిస్తాయి.

ఆ ఆలోచనే ఎస్పెరాంటోలో ‘ఇస్త్’ అనే ప్రత్యయానికి దారి చూపింది. గ్రీకు నుంచి లాటిన్‌కు, అక్కడి నుంచి ఐరోపా భాషలన్నిటికీ పాకిన ప్రత్యయం ఇది. టైపిస్టు, ఆర్టిస్టు, కమ్యూనిస్టు అనే మాటల చివర తెలుగులోనూ వినిపిస్తుంది. నేయడం తెక్సి, నేతగాడు తెక్సిస్తో. బోధించడం ఇన్‌స్త్రుయి, పంతులు ఇన్‌స్త్రుయిస్తో. పని చేయడం లబోరి, కార్మికుడు లబోరిస్తో. క్రియ తెలిస్తే మనిషి తెలిసినట్టే. తెలుగులో అదే పని కాడు, గాడు, అరి, దారు, వాలా, ఈ అంటూ నాలుగైదు భాషల నుంచి వచ్చిన చివర్లు పంచుకుంటాయి. వేటకాడు, జీతగాడు, జాలరి, దుకాణదారు, బండివాలా, హమాలీ అనే పేర్లను వరుసగా చదివితే ఈ నేలను ఏలినవాళ్ల చరిత్ర సగం తెలుస్తుంది. ఎస్పెరాంటో ఆ చరిత్రను పక్కన పెట్టి ఒక్క చివరతో సరిపెట్టుకుంది.

కులియోకు మాత్రం ఆ ‘ఇస్త్’ లేదు. ఏదో పనికి పేరు పెట్టి, దానికి ప్రత్యయం చేర్చి కట్టిన మాట కాదది. ఐరోపా భాషల్లో అప్పటికే మనిషికి పేరుగా స్థిరపడి ఉన్నదాన్ని అలాగే ఎత్తుకుని చివర ఓ తగిలించారు. ఎస్పెరాంటో వ్యాకరణానికి మూలమైన 16 సూత్రాల్లో 15వది దీనికి అనుమతి ఇస్తుంది. ఎక్కువ భాషలు ఒకే మూలం నుంచి తెచ్చుకున్న మాటలను వర్ణక్రమం మాత్రం సరిచేసుకుని ఉన్నవి ఉన్నట్టు వాడుకోవచ్చని ఆ సూత్రం. ఇంగ్లిషులో కూలీ, జర్మన్‌లో కులి, డచ్చిలో కూలీ, పోలిష్‌లో కులిస్, రష్యన్‌లో కులి అని అప్పటికే ఉంది. కాబట్టి కులియో ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు సగం జవాబు ఆ భాషలన్నీ. మిగతా సగం కోసం మన ఊళ్లకే రావాలి.

తమిళం, మలయాళం, కన్నడం, తెలుగు నాలుగింటిలోనూ కూలి ఉంది. నాలుగింటిలోనూ అసలు అర్థం ఒకటే: చేసిన పనికి ముట్టే ప్రతిఫలం. బరో, ఎమెనోలు 1961లో వెలువరించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఈ నాలుగు మాటలనూ ఒకే పద్దు కింద చూపింది. మాట వయసు చిన్నది కాదు. తిరుక్కురళ్‌లో 619వ పద్యం ఒంటి కష్టానికి దక్కే ఫలాన్ని ఈ మాటతోనే చెబుతుంది. దైవం కలిసి రాకపోయినా పడ్డ కష్టానికి కూలి ముడుతుందన్నది ఆ పద్యం సారం. అక్కడ కూలి మనిషి కాదు. మనిషికి రావలసిన బాకీ.

తెలుగులోనూ పాత వాడుక అదే. కూలి అడగడం, కూలి ఇవ్వడం, కూలి ఎగ్గొట్టడం, కూలి గిట్టుబాటు కావడం అనే పలుకుబళ్లన్నిటిలోనూ కూలి చేతికి వచ్చే సొమ్మే, లేదా గింజలే. మనిషిని చెప్పాలంటే ఇంకో ముక్క చేర్చాలి: కూలివాడు, కూలిమనిషి, వాడుకలో కూలోడు, కూలామె. తమిళంలోనూ అంతే, కూలియాళ్ అంటారు. ఆళ్ అంటే మనిషి. పత్రికల తెలుగు ఇప్పుడు హ్రస్వం, దీర్ఘం తేడాతో పని నెట్టుకొస్తోంది. కూలి అంటే డబ్బు, కూలీ అంటే మనిషి. వలస కూలీలకు కూలి అందలేదు అని శీర్షిక రాస్తే చదివేవాళ్లకు ఏ తికమకా ఉండదు.

చందుర్తి, వేములవాడ, కోరుట్ల, జగిత్యాల వైపు ఊళ్లలో దీనికి ఇంకో రూపం వినిపిస్తుంది, కైకిలి. ‘కైకిలికి పోయింది’, ‘కైకిలోళ్లు దొరుకుతలేరు’ అంటారు. ఇది కైకూలి నుంచి అరిగి వచ్చిన మాట. కై అంటే చెయ్యి. తెలుగులో విడిగా వాడేటప్పుడు ద్రావిడ కకారం చకారమై చేయి అయింది గాని, కైదండ, కైమోడ్పు, కైవశం వంటి జంట మాటల్లో పాత కై అలాగే నిలిచింది. కైకిలి అంటే చేతి పనికి వచ్చే కూలి. చదువుకున్నవాళ్లు మోటు మాట అనుకుని పక్కన పెట్టే కైకిలిలో భాష పాత పొర చెక్కుచెదరకుండా ఉంది. పాఠ్యపుస్తకాలకు ఎక్కవలసిన మాట ఇది.

కూలి అనే మాట బరువు తెలియాలంటే దాని పక్క మాటలు కూడా చూడాలి. పాత ఊరి కట్టుబాటులో కమ్మరికి, వడ్ల ఆయనకు, కుమ్మరికి, చాకలికి ఏ రోజుకారోజు లెక్క ఉండేది కాదు. నాగలి కర్రు సాన పట్టినా, గుంటక చెక్కినా పంట చేతికొచ్చినప్పుడు కల్లం దగ్గర కొలిచి ఇచ్చే మేర మీద వాళ్ల బతుకు నడిచేది. దొర ఇంట, పెద్ద రైతు ఇంట ఏడాది పొడుగునా కట్టుబడి చేసేవాడు జీతగాడు. జీతం అన్న మాట జీవితం నుంచి వచ్చింది, బతకడానికి ఇచ్చేది అని. ఏమీ ఇవ్వకుండా చేయించుకునేది వెట్టి. సంస్కృతంలో విష్టి అంటే కూలి లేని బలవంతపు చాకిరీ, అది ప్రాకృతం మీదుగా వెట్టి అయింది. మేరకు ఊళ్లో హక్కుదారు కావాలి, జీతానికి ఏడాది కట్టుబాటు కావాలి, వెట్టికి భయం ఒక్కటే కావాలి. వీటి మధ్య కూలి ఒక్కటే ఏ పూట పనికి ఆ పూట లెక్క తెగేది. పొద్దు గూకే వేళకు ఇద్దరూ ఒకరికొకరు బాకీ లేకుండా విడిపోయే ఏర్పాటు అది. నిజాం కాలపు కరీంనగర్ జిల్లాలో వెట్టి నడిచిన ఊళ్లలో కూలి అడగడమే ధిక్కారంగా లెక్క.

సిరిసిల్లలో ఈ పాత అర్థం నేటికీ నిక్షేపంగా ఉంది. అక్కడ మరమగ్గాన్ని సాంచ అంటారు. గుజరాతీలో యంత్రాన్ని సంచో అంటారు, హిందీలో సాంచా అంటే అచ్చు. సూరత్, భీవండి మగ్గాల మీద పని చేసి తిరిగి వచ్చినవాళ్ల నోట ఉండే మాటే ఇది కూడా. పనిలో మూడు అంతస్తులు ఉంటాయి. నూలు పెట్టుబడి పెట్టే సేటు, సొంత సాంచల మీద ఆ నూలును బట్ట చేసి ఇచ్చే ఆసామి, సాంచ నడిపే కార్మికుడు. ఆసామి అన్న పేరు దూరం నుంచి వచ్చింది. అరబీలో ఇస్మ్ అంటే పేరు, దాని బహువచనం అస్మా, దానికి మళ్లీ బహువచనం అసామీ. ఉర్దూ దఫ్తరుల్లో శిస్తు కట్టవలసినవాళ్ల పేర్ల పట్టీలోకి ఎక్కినవాడు ఆసామి అయ్యాడు. కాగితం మీద పేరు ఉండడమే ఆ మనిషికి గుర్తింపు.

సాంచ మీద కూలి పిక్కుల లెక్కన కడతారు. పడుగులోంచి పేక పోగు ఒకసారి అటు నుంచి ఇటు దూరితే ఒక పిక్కు. అంగుళానికి ఎన్ని పిక్కులు పడితే బట్ట అంత దట్టం, మీటరుకు కూలి అంత ఎక్కువ. పది పిక్కులకు ఇన్ని పైసలు అని బేరం తెగుతుంది. సాంచ నడిపే కార్మికుడికి ఆసామి ఇచ్చేది కూలి. సేటు నుంచి ఆసామికి వచ్చేది కూడా కూలే. సొంత యంత్రాలున్న మనిషి తనకు రావలసినదాన్ని కూలి అనే అంటాడు, అందులో చిన్నతనమేమీ లేదు. రేటు పెంచాలన్న సమ్మె ముగిసినప్పుడు రాసుకునే కాగితానికి కూలి ఒప్పందం అని పేరు. మాటకు మొదట ఉన్న గౌరవం చెక్కుచెదరకుండా ఇక్కడ కనిపిస్తుంది. సేటు అయినా ఆసామి అయినా మనిషిని కొనడం లేదు, పనికి వెల కడుతున్నారు.

జగిత్యాల, కోరుట్ల మార్కెట్ యార్డుల్లో ఈ విభజన ఇంకా సన్నగా సాగుతుంది. సంచి భుజానికెత్తి లారీలోకి వేసేవాడు హమాలీ. అరబీలో హమల అంటే మోయడం, దాని నుంచి హమ్మాల్. కాంటా దగ్గర తూకం చూసేవాడు దడ్వాయి. కింద పడ్డ గింజలను చాటతో ఎత్తి చెరిగే ఆడవాళ్లు చాట కూలీలు. బరువు మోసేవాడికి ఐరోపా భాషలన్నీ కూలీ అనే పేరు పెడితే, ఆ మాట పుట్టిన చోట బరువు మోసేవాడికి వేరే పేరుంది. ఒక మాట పరదేశం పోయి ఎంత మారిందో చెప్పడానికి ఈ ఒక్క తేడా చాలు.

మార్పు ఎక్కడ జరిగిందన్నది పండితుల మధ్య పాత తగవు. హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ కూర్చి 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఈ మాటకు చాలా చోటు ఇచ్చింది. గుజరాత్, కొంకణ తీరాల్లో కోళీ అనే సముదాయం ఉంది. పోర్చుగీసువాళ్ల స్థావరాలు ఆ తీరాల్లోనూ ఉండేవి. 16వ శతాబ్దపు వాళ్ల పత్రాల్లోనే ఈ పోలిక గల పేరు కనిపిస్తుంది. కాబట్టి కోళీల పేరే పనివాళ్ల పేరు అయిందని ఒక వాదం. తమిళ తెలుగు దేశాల్లోని కూలి నుంచే వచ్చిందని రెండో వాదం. తుర్కీ భాషలో బానిసకు ఉన్న పేరును ముందుకు తెచ్చినవాళ్లూ ఉన్నారు.

మొదటి రెండు వాదాలూ కలిస్తేనే కథ పూర్తవుతుంది. కూలి మొదట సొమ్ముకు పేరు. అది మనిషికి పేరు ఎలా అయిందో దక్షిణాది మాట ఒక్కటే చెప్పలేదు. కోళీ మొదటి నుంచీ మనుషుల పేరు. అయితే కొంకణ తీరానికి చెందిన ఒక సముదాయం పేరు సముద్రాల అవతలి దాకా పాకడానికి కారణం కావాలి, ఆ కారణం మద్రాసు తీరంలో ఉంది. పశ్చిమ తీరంలో వర్తకులు విన్న మనిషి పేరూ, తూర్పు తీరంలో విన్న కూలి మాటా దాదాపు ఒకేలా పలికాయి. పరాయి చెవికి రెండూ ఒకటే అయ్యాయి. 18వ శతాబ్దం నాటికి ఇంగ్లిషువాళ్ల లెక్క పుస్తకాల్లో కూలీ అంటే దిన వేతనం మీద మోత పనులు చేసే దేశీయుడు. వేతనం వెనక్కి పోయింది, మనిషి ముందుకు వచ్చాడు.

చైనాలో ఈ మాటకు ఇంకో వింత జరిగింది. కూలీ అన్న ధ్వనిని చైనా లిపిలో రాయడానికి రెండు అక్షరాలు ఎంచుకున్నారు. ఒకదానికి చేదు, కష్టం అని అర్థం, రెండోదానికి బలం. చూసినవాళ్లు అది చైనా మాటేనని నమ్మారు, నేటికీ కొందరు అలాగే రాస్తారు. ధ్వనికి తగిన అక్షరాలు వెతికినవాళ్లు అర్థం కూడా కుదిరేలా ఎంచారు, అంతే. మాట మాత్రం బయటి నుంచి వచ్చిందే.

1833లో బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం తెచ్చింది, మరుసటి ఏడాది ఆగస్టు నుంచి అమలైంది. చెరకు తోటలకు మనుషులు కావాలి. ఐదేళ్ల ఒప్పందం మీద భారతీయులను ఓడలెక్కించడం మొదలైంది. 1834 నవంబరులో మారిషస్ రేవులో తొలి జట్టు దిగింది. 1860లో మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడ నవంబరు 16న డర్బన్ చేరింది. విశాఖపట్నం, గోదావరి, గంజాం జిల్లాల తెలుగువాళ్లు మారిషస్, నాటాల్, తరవాత ఫిజీ తోటల దాకా వెళ్లారు. 1834 నుంచి 1917 దాకా ఈ పద్ధతిలో దేశం దాటినవాళ్లు పది లక్షలకు పైనే. కాగితాల మీద వాళ్లందరి వృత్తి ఒకటే, కూలీ. పోయినవాళ్లలో నేతగాళ్లు ఉన్నారు, సేద్యగాళ్లు ఉన్నారు, కుమ్మర్లు ఉన్నారు. ఓడ ఎక్కగానే ఆ పేర్లన్నీ కొట్టుకుపోయి ఒక్క పేరు మిగిలింది. కులియో అనే ఎస్పెరాంటో మాట ఈ రిజిస్టర్ల సంతానమే. దాన్ని తెలుసుకోకుండా వ్యుత్పత్తి ఒక్కటే చెప్పడం ఆ మనుషులకు అన్యాయం.

వృత్తి పేరు ఎక్కువ రోజులు వృత్తి పేరుగా కూడా నిలవలేదు. దక్షిణాఫ్రికాలో అది జాతి పేరయింది, తరవాత తిట్టయింది. 1893లో అక్కడికి వెళ్లిన గాంధీని కూలీ బారిస్టరు అన్నారు. కూలీ వర్తకుడు, కూలీ ఓడ అనే మాటలూ నడిచాయి. ఒప్పందం మీద వెళ్లిన తమిళులు, తెలుగువాళ్ల పేర్ల చివర స్వామి ఉండడంతో సామి అని కూడా పిలిచేవాళ్లని గాంధీ ఆత్మకథలో రాశాడు. సామి అంటే యజమాని అని, నేను మీకు యజమానిని కానని ఎదురు చెప్పినవాళ్లూ ఉన్నారట. బర్మాలో తెలుగువాళ్లకు పడ్డ పేరు కోరంగీ. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కినందుకు ఊరి పేరు మనుషుల పేరైంది. రంగూన్ రేవులో సరుకు ఎత్తి దింపే పని చాలాకాలం వాళ్లదే. 1930 మే నెలలో వాళ్లు కూలి పెంచమని సమ్మె కట్టడం, వాళ్ల స్థానంలో బర్మీయులను పెట్టి, మళ్లీ తీసేయడం నుంచి రేగిన అల్లర్లలో ఎందరో తెలుగువాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

అవమానంగా మారిన మాటను కొన్ని చోట్ల తీసేశారు, కొన్ని చోట్ల తలకెత్తుకున్నారు. మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌లో వలస కార్మికులు దిగిన మెట్లను కూలీ ఘాట్ అనేవారు. తరవాత దాన్ని ఆప్రవాసీ ఘాట్ అన్నారు, 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఆ పేరుతోనే ఎక్కింది. అదే మారిషస్‌కు చెందిన కవి ఖాల్ తొరాబుల్లీ 1992లో కూలిట్యూడ్ అనే మాటను ముందుకు తెచ్చాడు. పూర్వీకులను తిట్టిన పేరునే వాళ్ల చరిత్రకు జెండాగా కట్టాడు. మన రైల్వే స్టేషన్లలో కూలీ అన్న పేరును సహాయక్‌గా మారుస్తున్నట్టు 2016 రైల్వే బడ్జెట్‌లో ప్రకటించారు. ప్లాట్‌ఫారాల మీద ప్రయాణికుల నోట మాత్రం పాత పిలుపే ఉంది.

ఇక్కడ, ఉత్తర తెలంగాణలో, మాట వేరే దారి పట్టింది. 1977, 78 సంవత్సరాల్లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల ఊళ్లలో రైతుకూలీ సంఘాలు పుట్టాయి. వెట్టి పోవాలి, కూలి రేట్లు పెరగాలి అన్నవి ముందు వరుస డిమాండ్లు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జరిగిన ఊరేగింపు జైత్రయాత్ర పేరుతో జనం నోట నిలిచింది. అక్టోబరు 20న ప్రభుత్వం ఆ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తరవాతి రాజకీయాలు ఎటు పోయినా, మాట సంగతి చూస్తే ఇది అరుదైన ఘట్టం. నాటాల్‌లో ఎదుటివాణ్ని కించపరచడానికి వాడిన పేరును ఇక్కడి పేదలు రైతు పక్కన నిలబెట్టి తమ సంఘానికి తామే పెట్టుకున్నారు. కూలి అంటే హక్కు అన్న పాత అర్థం ఊళ్లలో బతికి ఉండబట్టే అది కుదిరింది. 2006లో ఉపాధి హామీ పథకం తొలి విడతలో మొదలైన జిల్లాల్లో కరీంనగర్ ఒకటి. జాబ్ కార్డు మీద పేరెక్కినవాళ్లను ఉపాధి కూలీలు అన్నారు, అందులోనూ తప్పు పట్టినవాళ్లు లేరు.

ఈ ప్రాంతం నుంచి దుబాయి, మస్కట్ పోయేవాళ్ల వీసా కాగితాల్లో హెల్పర్, లేబర్ అని ఉంటుంది. అదే సమయంలో నాట్ల కాలానికి బిహార్, బెంగాల్ నుంచి జట్లు దిగుతున్నాయి. ఎకరానికి ఇంత అని గుత్త పట్టి, తాడు పట్టుకుని వరుస తప్పకుండా నాటు వేసి మరో మడికి కదులుతాయి. వాళ్లకూ ఊళ్లో పేరు నాటు కూలీలే.

ఎస్పెరాంటోలోకి దక్షిణాది నుంచి చేరినవి ఇంకొన్ని ఉన్నాయి. మామిడిపండు మాంగో, కూర కరేఓ, కట్టుమరం కతమరానో. ఇవన్నీ పోర్చుగీసు, ఇంగ్లిషు ఓడల మీద ముందు ఐరోపా చేరి, అక్కడి నుంచి ఈ భాషలోకి వచ్చాయి. మనుషుల పేర్లలో కులియోకు తోడు పారియో అనే మాట ఉంది. తమిళంలో పరై అంటే డప్పు. డప్పు వాయించే వృత్తి వాళ్ల పేరును ఐరోపా భాషలు వెలివేయబడినవాడు అన్న అర్థంలో పట్టుకుపోయాయి. పండ్లు, వంటలు వెళ్లినప్పుడు రుచితో వెళ్లాయి. మనుషుల పేర్లు రెండూ చేసే పనిని మరిచిపోయి, ఎదుటివాడు కూర్చోబెట్టిన చోటును మాత్రమే చెప్పే మాటలుగా మిగిలాయి.

జామెన్‌హోఫ్ భాషతో తెలంగాణకు నేరుగా ఒక ముడి కూడా ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం బోధించిన ప్రొబాల్ దాస్‌గుప్తా 2007 నుంచి 2013 దాకా ప్రపంచ ఎస్పెరాంటో సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నారు.

ఈ రోజు చందుర్తిలో నాటుకు పోయే మనిషిని గురించి ఎస్పెరాంటోలో రాయవలసి వస్తే కులియో పనికిరాదు. ఆ మాట వాడితే చదివేవాడి మనసులో వలస పాలన నాటి తోటలు, ఓడ రేవులు, మనిషి లాగే రిక్షాలు కదులుతాయి. దినకూలీకి ఆ భాషలో తగ్‌లబోరిస్తో అనే మాట ఉంది. తగ్ అంటే రోజు, జర్మన్ నుంచి. లబోర్ లాటిన్ నుంచి, దానికి ఇస్త్ చేరింది. యార్డులో హమాలీ పోర్తిస్తో అవుతాడు, సాంచ మీది కార్మికుడు తెక్సిస్తో అవుతాడు. ఇక సిరిసిల్లలో పది పిక్కులకు లెక్క కట్టి ఇచ్చే ఆ కూలిని సలాయ్రో అనాలి, లాటిన్‌లో ఉప్పుతో చుట్టరికం ఉన్న మాట అది. కూలి అన్న ధ్వని ఎస్పెరాంటో దాకా చేరింది గాని, కష్టానికి ముట్టవలసిన వెల అన్న దాని మొదటి అర్థం కోసం ఆ భాష వేరే మాటను ఆశ్రయించింది.